పదకొండు తక్కువ

ఏలూరు రోడ్డు, నాంచారయ్య జిరాక్స్ షాపు.
కరెంటు పోయింది.
నా సముద్రమంతా ఆయన గాజుపలక మీద
బోర్లా పడుకుని ఉంది.

సీడీసీ, పాస్‌పోర్టు, ఇండోస్ నంబరు,
మంటలార్పడం నేర్చినట్టు ఒక కాగితం,
లైఫ్‌బోటు దించడం నేర్చినట్టు ఒకటి,
అయిదేళ్ళకి రెండూ మరిచిపోయి ఉంటానని
మళ్ళీ నేర్పినట్టు ఇంకో రెండు.

"ఓడ తోలడానికి ఇంతుందా అబ్బాయ్!
మా బామ్మర్ది కృష్ణలో ఇసక పడవ
పాతికేళ్ళు తోలాడు, ఒక్క చీటీ లేదు."
"మునిగిందా?" అన్నాను.
"ఒకసారి" అన్నాడు
విసనకర్ర ఆపి.

నేను సెకండ్ మేట్‌ని. చీఫ్ మేట్ కావాలి.
ఆ మెట్టుకి అడిగేది పద్దెనిమిది నెలల నీళ్ళు,
ముద్రలతో సహా.

పదో తరగతి సర్టిఫికెట్‌లో యేసుపాదం వైతో మొదలవుతాడు,
సీడీసీలో జేతో.
గుడిమెట్ల ఒకచోట ముందు, ఒకచోట వెనక,
ఇంకోచోట ఒట్టి జీ, పక్కన చుక్క.
ఈ ముగ్గురూ ఒక్కడేనని
గవర్నర్‌పేటలో నోటరీ ముందు ప్రమాణం చేశాను.
వంద రూపాయల స్టాంపు కాగితం.
ముగ్గురిలో సంతకం పెడుతున్నదెవరో
ఆయన అడగలేదు.

సూర్యారావుపేట డాక్టరు చుక్కల పుస్తకం తెరిచాడు.
ఎర్రచుక్కల మధ్య దాక్కున్న పచ్చని ఏడు.
చదివేశాను.
బండి తీసి బెంజి సర్కిల్‌కి వస్తే
కుడివైపు నుంచి ఒక లారీ.
కుడినుంచి వచ్చేవాడికి దారివ్వాలి,
అది సముద్రం మీది రూలు.
ఆగాను.
వెనక ఆటో అతను
మా అమ్మని గట్టిగా తలుచుకున్నాడు.

రాత్రి కృష్ణలంకలో డాబా మీద
సర్వీసు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం.
దూరంగా బ్యారేజీ దీపాలు బారుగా, అన్నీ ఒకే రంగు.
అలా వెలిగే ఓడని నేను చూడలేదు.
మేరీరత్నం పాలలెక్క క్యాలెండరు వెనక కూడికలు వేసింది.
ఎక్కిన తేదీ, దిగిన తేదీ.
ఎక్కిన తేదీ, దిగిన తేదీ.
పదిహేడు నెలల పందొమ్మిది రోజులు.
"పదకొండు తక్కువ" అంది.
మళ్ళీ వేసింది.
మళ్ళీ పదకొండే.

అవెక్కడివో నాకు తెలుసు.
కొలంబో డ్రై డాక్.
నేను ఓడలోనే ఉన్నాను,
ఓడ నీళ్ళలో లేదు.
"కదలని రోజులు లెక్కలోకి రావండీ"
పొద్దున ఫోనులో ఆఫీసు గొంతు. మర్యాదగానే.

ఆ పదకొండు రోజుల్లోనే
మొదటిసారి ఓడ కిందికి నడిచి వెళ్ళాను.
దిమ్మల మీద వేల టన్నులు,
నా తలకి మూరెడు ఎత్తున.
అడుగంతా గుల్లలు, నాచు,
ఏ రేవులో చుట్టుకుందో ఒక వల ముక్క.
చుక్కాని మీద పగులు, నా అరచెయ్యి పట్టేంత.
ఆ పగులుతోనే బిస్కే దాటామట.
నా వాచీలో, పన్నెండు నుంచి నాలుగు దాకా,
ఇదేమిటి ఎడమకి లాగుతోంది అనుకుంటూ
నేను టీ తాగాను.

ఆ పగులులో చెయ్యి పెట్టి
ఎంతసేపు నిలబడ్డానో
రాయడానికి ఫారంలో గడి లేదు.
ఉన్న గడుల్లో ప్రతి ఓడకీ ఒకటే ముద్ర:
పనితనం చాలా బాగు, నడవడి చాలా బాగు.
ఆ ముద్ర వేసిన కెప్టెన్లలో ఒకాయన
అయిదు నెలల్లో నాతో
పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

పదకొండు రోజులకి ఓడెక్కించుకునే కంపెనీ లేదు.
ఎక్కితే నాలుగు నెలలు.
"పదకొండుకి నాలుగు నెలలా" అంది మేరీరత్నం.
అదేం వడ్డీ అన్నట్టు చూసింది.
నేను రూలు చెప్పబోయాను.
తను అప్పటికే క్యాలెండరు తిప్పి
వచ్చే నెల ఒకటో తేదీ నుంచి
లీటరు కొట్టేసి
అరలీటరు రాస్తోంది.